ఆడిన ఆట – వ్రాసిన చిట్టా



శ్రీకృష్ణదేవరాయల కాలమున బొడ్డుచర్ల తిమ్మన యను చదరంగ నిపుణుడుండెననియు, ఆతని నేర్పునకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామమును అగ్రహారముగా నొసగెననియు చాటుపద్యమొకటి చెప్పుచున్నది. పద్యము నిలిచినది. కాని తిమ్మన ఏ బంటును ముందు నడపెనో, ఏ గుఱ్ఱముతో ఎదిరి మంత్రిని చిక్కబట్టెనో తెలుపు తాటాకు మనకు దక్కలేదు. కీర్తి మిగిలినది, ఆట పోయినది.

సముద్రములకావల జరిగిన మరియొక కథ వినుడు. 1895 ఆగస్టు 5వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమందలి హేస్టింగ్సు పట్టణమున 22 మంది ఆటగాండ్రు కూడిరి. నాటి జగజ్జేత లాస్కరు, 1894లో ఆతనికి బిరుదు కోల్పోయిన వృద్ధవీరుడు స్టైనిట్సు, రష్యా దేశపు చిగోరిన్, జర్మనీ దేశపు టారాష్ మున్నగు మహామహులందుండిరి. ప్రతివాడును తక్కిన 21 మందితో ఒక్కొక్క ఆట ఆడవలెను. గెలిచిన ఒక పాయింటు. సమమైన చెరి సగము. దాదాపు నెలదినములు సాగిన ఆ పోటీలో పదహారున్నర పాయింట్లతో ప్రథముడైనవాడు పిల్స్‌బరీ యను 22 ఏండ్ల అమెరికా యువకుడు. చిగోరినుకు 16, లాస్కరుకు పదునైదున్నర వచ్చెను.

మరుసటి యేట, 1896లో, చెషైరు సంపాదకత్వమున ఈ పోటీ గ్రంథరూపమున వెలువడెను. ఆడినవారిలోనే పన్నెండుగురు ఆటలకు వ్యాఖ్యలు వ్రాసిరి. ఇచ్చట లెక్క తెలిసినవారు ఒక విశేషమును గమనింపవలెను. 22 మంది ఒకరితోనొకరు తలపడినచో 231 ఆటలు కావలెను. గ్రంథపు ముఖపత్రమున 230 అనియే యున్నది. ఒక జత ఆడకయే తీర్మానమైనది. పట్టిక నిండునుగదా యని ఆడని ఆటను ఆడినట్లు వ్రాయలేదు. చిట్టాకు ఇంతకు మించిన ధర్మమేమున్నది?

ఆ పోటీలోనే స్టైనిట్సునకును బార్డెలెబెనునకును జరిగిన ఆట జగత్ప్రసిద్ధము. స్టైనిట్సు తన ఏనుగును ఎదిరి రాజు ప్రక్కనే నిలిపెను. అది చేతికందినట్లే యున్నది. కాని రాజు కొట్టినను చేటే, మంత్రి కొట్టినను చేటే. తుదకు బార్డెలెబెన్ ఓటమిని నోట పలుకక, మౌనముగా సభ విడిచి పోయెను. ఆతని గడియారము నడచి కాలము మీరెను. స్టైనిట్సు మిగిలిన పది ఎత్తులను చూపరులకు చూపి, ఆటకట్టు నిరూపించెను. ఆ ఎత్తులు వ్రాతకెక్కినందువలన, నేడు ఏ బాలుడైనను తన పలకపై కాయలు పేర్చి, ఆ ముసలివాని ఆలోచనను అడుగడుగున అనుసరింపవచ్చును.

మన హైదరాబాదు నగరమునను అట్టి సందర్భము కలిగినది. 2002 అక్టోబరులో ప్రపంచ కప్పు చదరంగపు పోటీ ఇచ్చట జరిగెను. 24 మందిని ఆర్వురేసి నాలుగు గుంపులు చేసి, గుంపునకిద్దరి చొప్పున ఎనమండుగురిని ఏరి, తరువాత జంటలుగా పోటీ పెట్టిరి. తుదిపోరున విశ్వనాథన్ ఆనంద్ ఉజ్బెకిస్తాన్ వాడగు కాసింజానోవ్‌ను జయించెను. ఆ సంవత్సరముననే గుడివాడ బిడ్డ కోనేరు హంపి పదునైదవ యేట గ్రాండుమాస్టరు బిరుదు నందెను. 2024 డిసెంబరు 12న సింగపూరులో జగజ్జేతయైన గుకేశ్ చెన్నపట్టణమున తెలుగింట పుట్టినవాడే.

వీరి ఆటలు తిమ్మన ఆటలవలె మాసిపోవు. పెద్ద పోటీలలో ప్రతి ఆటగాడును ఎత్తు వెంట ఎత్తు కాగితముపై వ్రాయవలెనని నియమము. ఆట ముగియగానే ఇరువురును చేవ్రాలు చేయుదురు. నిలువు వరుసలకు అక్షరములు, అడ్డువరుసలకు అంకెలు. 64 గడులకును పేరున్నది. కాని కాగితములు చెదరును. వానిని కూర్చి, వివరించి, పుస్తకముగా కుట్టి, చదువరి చేతికిచ్చినగాని అవి జాతిసొత్తు కావు. ఆ పని గ్రంథకర్తది. దానిని కాపాడు పని గ్రంథాలయముది.

కవాడిగూడ వీధి అరుగుపై పందెము గెలిచిన బాలుడు సంతోషముతో ఇంటికి పోవును. ఆతడు తన ఎత్తులను వ్రాసికొని, మరునాడు గ్రంథాలయమునకు వచ్చి, హేస్టింగ్సు ఆటలతో సరిచూచుకొనగలిగిననాడు ఆ గెలుపు విద్య యగును. హైదరాబాదు పోటీ ఆటలు తెలుగు వ్యాఖ్యతో ప్రతి గ్రంథాలయపు బీరువాలోను ఉండదగినవి. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాచిన ఈ సంస్థ అట్టి సంపుటములకు చోటు కల్పించుగాక! తిమ్మనకు జరిగిన లోపము మరియొక తెలుగువానికి జరుగకుండుగాక!