వచ్చినవాళ్ళను ఇంట్లోకి రానిద్దాం

(పేరేసంద్రలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఎనిమిదో క్లాసు వరకే చదివినవాళ్ళం. నూలు లెక్క, కూలి లెక్క, రిబేటు లెక్క అడిగితే నిద్రలో లేపినా చెప్తాం. ప్రసంగమంటే మాత్రం కాళ్ళు వణుకుతాయి. ప్రతి ఏడూ ఈ సభలో సంఘం ఆదాయం, ఖర్చు చదివి కూర్చుంటాం. ఈ ఏడు మాత్రం మేము చేసిన ఒక తప్పు మీ ముందర చెప్పుకుందామని నిలబడినాం.

మా సంఘంలో ఒక సభ్యుడి కూతురు నర్సు. బెంగుళూరులో పనిచేస్తా ఉండేది. ఒక సేవా సంస్థ తరఫున ఆరు నెలలు దక్షిణ సూడాన్ అనే దేశానికి పోయి వచ్చింది. ఆఫ్రికాలో ఉండే దేశం అది. 2011 జులై 9న దానికి స్వతంత్రం వచ్చింది. మూడేండ్లు నిండకముందే, 2013 డిసెంబరులో, వాళ్ళలో వాళ్ళకే యుద్ధం మొదలైంది. 2018లో పెద్దోళ్ళు కూర్చొని శాంతి ఒప్పందం రాసుకున్నారు గానీ, కొట్లాటలు పూర్తిగా ఆగలేదు. ఇండ్లు వదిలిపోయిన జనం లక్షల్లో ఉండారు. అటువంటి చోట ఈ పాప డేరా ఆస్పత్రిలో కాన్పులు చేసింది, జ్వరాలు చూసింది. తన పేరు చెప్పొద్దని అడిగింది, కాబట్టి చెప్పము. ఈ రోజు సన్మానానికి పిలిచినాం, రాలేదు. ఎందుకు రాలేదో మాకు తెలుసు.

తిరిగి వచ్చే రోజు రాత్రి, విమానాశ్రయం నుంచి నేరుగా బస్సులో పేరేసంద్రలో దిగుతుందని వాళ్ళ నాయన చెప్పినాడు. మన బిడ్డ కదా, ఘనంగా ఎదుర్కోవాలని అనుకున్నాం. మా మగ్గం మీద నేసిన శాలువా, పూలహారం, ఒక ఫోటోగ్రాఫరు, అన్నీ సిద్ధం. వాటితోపాటు ఒక పటాకుల సరం. ఆ సరం తెప్పించింది మేమే, డబ్బు ఇచ్చింది మేమే, ముట్టించమని పిల్లోడికి చెప్పింది మేమే.

బస్సు వచ్చింది. పాప దిగింది. సరం పేలింది. ఆ పాప రెండు చేతులు చెవుల మీద పెట్టుకొని, బస్సు చక్రం పక్కన నేల మీద కూర్చొనేసింది. అందరూ నవ్వినారు. "ఏమ్మా, పటాకులకే ఇంత భయమైతే యుద్ధంలో ఎట్లుంటివి?" అని ఒకరు అన్నారు. ఆ ఒకరు కూడా మేమే.

తరువాత లేచింది, శాలువా కప్పించుకుంది, ఫోటోకు నవ్వింది. ఆ ఫోటో ఇప్పటికీ మా సంఘం ఆఫీసులో ఉండాది. జాగ్రత్తగా చూస్తే ఆ నవ్వు నవ్వు కాదని తెలుస్తుంది. ఆ పొద్దు మేము చూడలేదు.

మరుసటి రోజు నుంచి ఊరంతా వాళ్ళింటికి పోయింది. "ఎంత ఇచ్చినారు?" అని ఒకరు. "ఏం తెచ్చినావు?" అని ఒకరు. "ఇంక పెండ్లి ఎప్పుడు?" అని ఇంకొకరు. "మన తాలూకు ఆస్పత్రిలోనే నర్సులు చాలరు, అంత దూరం పోయే పని ఏమొచ్చింది?" అని పెద్దమనుషులు. "ఎట్లుండావమ్మా, నిద్ర పడుతోందా?" అని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పది రోజులకు ఆ పాప తలుపు వేసుకొని కూర్చుంది. అన్నం సరిగా తినేది కాదు. వాకిట్లో గిన్నె కింద పడినా ఉలిక్కిపడేది. మేము మాత్రం, దేశాలు తిరిగొచ్చింది, గర్వం వచ్చింది అనుకున్నాం.

వాళ్ళ నాయన, మగ్గం శబ్దం బిడ్డకు ఇబ్బందని నేత ఆపేసినాడు. రెండు వారాలు సంఘానికి గుడ్డ రాలేదు. ఎందుకు రాలేదని కనుక్కునేదానికి పోయినప్పుడు మాకు సంగతి తెలిసింది. కార్యదర్శిగా పోయినాం, తల వంచుకొని తిరిగి వచ్చినాం.

ఆ రాత్రి మాకు సోలాపూరు జ్ఞాపకం వచ్చింది. కొన్నేండ్ల కింద సమాజం పని మీద హిందూపురంలో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సోలాపూరు పోయినాం. చద్దర్లకు, తువ్వాళ్ళకు పేరు పొందిన ఊరు. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉండాయి. మరాఠీ దేశంలో మన మాట వింటే ప్రాణం లేచి వస్తుంది. అక్కడి బంధువులు మమ్మల్ని ఒక ఇంటికి తీసుకపోయినారు. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ పుట్టిన ఇల్లు అది. ఇప్పుడు స్మారకంగా ఉంచినారు. ఆ పొద్దు పటాలు చూసి, చెప్పులు వేసుకొని వచ్చేసినాం. ఈ పాప విషయం జరిగినాక ఆ కథను మళ్ళీ అడిగి, చదివించుకొని తెలుసుకున్నాం. మీకు కూడా చెప్తాం.

1937లో జపాను సైన్యం చైనా మీద పడింది. చైనా సేనాని జూ దే, వైద్యులను పంపమని జవహర్‌లాల్ నెహ్రూగారికి ఉత్తరం రాసినాడు. మన దేశం అప్పుడు తెల్లోళ్ళ కింద ఉండాది. మనకే స్వతంత్రం లేదు. అయినా 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోస్‌గారు విజ్ఞప్తి చేస్తే, జనం నుంచి చందాలు వచ్చినాయి. 22,000 రూపాయలు జమ అయినాయని చెప్తారు. ఐదుగురు డాక్టర్లు బయలుదేరినారు. అటల్, చోల్కర్, కోట్నిస్, బసు, ముఖర్జీ. 1938 సెప్టెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కినారు. కోట్నిస్‌కు అప్పటికి ఇరవై ఎనిమిది ఏండ్లు కూడా నిండలేదు.

"మన ఇల్లు కాలుతుంటే పక్కింటికి నీళ్ళు మోసేది ఎందుకు?" అని అప్పుడు కూడా అడిగినవాళ్ళు ఉండే ఉంటారు. ఎందుకంటే అదే 1938లో, ఏప్రిల్ 25న, ఇక్కడికి దగ్గర్లో ఉండే విదురాశ్వత్థంలో, జెండా ఎగరేసేదానికి కూడిన మన జనం మీద పోలీసులు కాల్పులు జరిపినారు. ఆ అశ్వత్థ వృక్షం దగ్గర ఎంతోమంది రాలిపోయినారు. అక్కడ స్మారకం ఉంది, మనమందరం పిల్లలను తీసుకపోయి చూపించిందే. మన గాయం అంత పచ్చిగా ఉండే సంవత్సరంలోనే మనవాళ్ళు ఇంకొకరి గాయం కట్టేదానికి సముద్రం దాటినారు. మన గాయం మరిచి పోలేదు. గాయమంటే ఏమో తెలిసినవాళ్ళు కాబట్టి పోయినారు. మా ఊరి పెద్దమనుషులు ఆ పాపను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే అని మాకు తోచింది.

ఆ పని ఒక సంవత్సరంలో అయిపోతుందనుకొని పోయినవాళ్ళు వాళ్ళు. కోట్నిస్ అక్కడికి చేరిన కొద్దికాలానికే ఇంటి దగ్గర తండ్రి చనిపోయినాడని కబురు వచ్చింది. తిరిగి రావచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆయన రాలేదు. 1940లో ఒక యుద్ధం జరిగినప్పుడు మూడు పగళ్ళు మూడు రాత్రులు నిద్ర లేకుండా ఆపరేషన్లు చేసినాడని చెప్తారు. నార్మన్ బెతూన్ అనే కెనడా డాక్టరు అంతకు ముందే, 1939లో, అక్కడే పనిచేస్తా చనిపోయి ఉన్నాడు. ఆయన పేరు మీద ఉండే శాంతి ఆస్పత్రికి 1941లో కోట్నిస్ డైరెక్టరు అయినాడు. గువో చింగ్‌లాన్ అనే నర్సును పెండ్లి చేసుకున్నాడు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టినాడు. యిన్‌హువా అని పేరు పెట్టినారు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. ఆ బిడ్డకు నాలుగు నెలలు నిండకముందే, 1942 డిసెంబరు 9న, మూర్ఛ వచ్చి కోట్నిస్ చనిపోయినాడు. ముప్పై రెండేండ్ల వయసు.

ఈ కథ మీద ఖ్వాజా అహ్మద్ అబ్బాస్‌గారు పుస్తకం రాసినారు. 'ఒక్కరు తిరిగి రాలేదు' అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టినారు. 1946లో శాంతారాంగారు సినిమా తీసినారు. ఆయన రాకపోయినా, ఆయన భార్య తరువాతి కాలంలో పలుసార్లు మన దేశానికి వచ్చి అత్తింటివాళ్ళను చూసి పోయింది.

రాని ఒక్కరి గురించి పుస్తకం ఉంది, సినిమా ఉంది, స్మారకం ఉంది. ఉండాల్సిందే. మరి వచ్చిన నలుగురు? ఒకరు వయసు చేత, ఒకరు జబ్బు చేత, ఒకరి తరువాత ఒకరు వచ్చినారు. అందరికన్నా చివర 1943లో డాక్టర్ బిజయ్ బసు వచ్చినాడు, స్నేహితుణ్ణి అక్కడి మట్టిలో వదిలి. ఆయన తరువాత చైనా వాళ్ళ సూది వైద్యం నేర్చుకొని కలకత్తాలో రోగులకు చేసినాడు. కోట్నిస్ పేరు నిలబెట్టేదానికి కమిటీ నడిపినాడు. తిరిగి వచ్చినవాడు ఉత్త చేతులతో రాలేదు. ఆయన తెచ్చినదాన్ని వాడుకునేదానికి ఇక్కడ ఆయనకు చోటు దొరికింది. చోటు దొరకకపోతే ఆ తెచ్చింది ఆయనలోనే ముడుచుకుపోయేది.

ఈ మాట అర్థమైనాక మేము మళ్ళీ ఆ పాప ఇంటికి పోయినాం. హారం లేదు, ఫోటో లేదు. "అమ్మా, ఆ రాత్రి పటాకులు కాల్పించింది మేమే. తెలియక చేసినాం. మన్నించు" అని చెప్పినాం. ఇంకేమీ అడగలేదు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. తరువాత, "పెదనాయనా, అక్కడ బిడ్డలు పుడితే చుట్టేదానికి గుడ్డ చాలేది కాదు. మా నాయన నేసే గుడ్డ జ్ఞాపకం వచ్చేది" అనింది. అంతే చెప్పింది. మళ్ళీ లోపలికి పోయింది.

అరవై దాటిన వయసులో మొదటిసారి, మనం నేసేది ఏమిటో మాకు తెలిసినట్లయింది. మనం గజాలు లెక్కపెడతాం, కూలి లెక్కపెడతాం. పుట్టిన బిడ్డ ఒంటిని మొదట తాకేది ఎవరో ఒకరు నేసిన గుడ్డ అని ఎప్పుడూ అనుకోలేదు.

మరుసటి వారం ఆ పాపే వాళ్ళ నాయనతో, "మగ్గం ఆపొద్దు నాయనా, నెయ్యి" అనిందంట. ముందు రెండు రోజులు కష్టమైంది. తరువాత ఆ శబ్దంలోనే నిద్ర పట్టిందంట. దానికి కారణం మాకు తెలీదు. చిన్నప్పుడు ఉయ్యాల్లో విన్న శబ్దం కదా.

మీకందరికీ తెలిసిన పని ఒకటి చెప్తాం. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు వేసేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొస పట్టుకొని ఒక్కొక్కటే అతుకుతాం. వేల పోగులు. తొందరపడితే తెగుతుంది, చిక్కు పడుతుంది. ఆ రోజంతా మగ్గం ఆడదు, గుడ్డ రాదు, కూలి పడదు. అయినా ఆ పనిని వృథా అని ఎవరమూ అనము. తిరిగి వచ్చిన మనిషికి కూడా ఆ కాలం కావాల. ఇవ్వాల్సింది మనం.

ఇది ఒక్క నర్సు విషయం కాదు. 1990లో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు లక్షకు పైగా మనవాళ్ళు విమానాల్లో తిరిగి వచ్చినారు. వాళ్ళలో కడప వైపు తెలుగువాళ్ళు కూడా ఉండారు. 2022లో ఉక్రెయిన్ నుంచి మన డాక్టరు చదువు పిల్లలు వచ్చినారు. రేపు మన ఇండ్ల నుంచి సైన్యానికి, సేవకు, కూలికి పోయి ఇంకొకరు వస్తారు. అందుకని సమాఖ్యకు మూడు మనవులు.

మొదటిది. అట్ల వచ్చినవాళ్ళకు పటాకులు వద్దు, మేళం వద్దు, నెల రోజులు సన్మానం వద్దు. ఇంటికి ఒక పూట అన్నం పంపండి, చాలు. ఎంత తెచ్చినావు అనే ప్రశ్న ఎవరూ అడగకూడదని ప్రతి సంఘంలో పెద్దోళ్ళు చెప్పాల.

రెండోది. నిద్ర లేకపోతే, ఉలిక్కిపడతా ఉంటే, దాన్ని గర్వమనో, గాలి సోకిందనో అనొద్దు. అది కూడా గాయమే. మనకు బెంగుళూరులో నిమ్హాన్స్ ఉంది, ఈ రోడ్డులోనే పోతే రెండు గంటల దారి. అంత దూరం పోలేనివాళ్ళు 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బు పడదు. తెలుగులో, కన్నడంలో మాట్లాడతారు. అక్టోబరు 10 కోట్నిస్ పుట్టినరోజు కూడా.

మూడోది. వాళ్ళు తెచ్చినదాన్ని వాడుకునే చోటు చూపించండి. ఆ పాప ఇప్పుడు మళ్ళీ ఉద్యోగానికి పోతోంది. నెలకు ఒక ఆదివారం మా సంఘం నూలు గదిలో కూర్చొని, గుంత మగ్గంలో కూర్చొని నడుములు పోయినవాళ్ళకు, కండ్లు మసకబారినవాళ్ళకు, బీపీ, షుగరు చూసి చెప్తుంది. మేము అడిగింది కాదు, తనే వచ్చి ఒక కుర్చీ వేయమనింది. కుర్చీ వేసినాం. అంతకన్నా పెద్ద సన్మానం మాకు చేతకాలేదు.

ఈ రోజు ఎందుకు రాలేదంటే, సభ చివర పటాకులు కాలుస్తారేమోనని. రాత్రి ఫోన్ చేసి అడిగింది, "పెదనాయనా, కాలుస్తారా?" అని. కార్యక్రమ పట్టికలో ఉంది, మేము చూసినాం. అధ్యక్షులవారితో మాట్లాడినాం, తీసేసినారు. వారికి ఈ వేదిక మీదే దండం పెడుతున్నాం. ఇంక వచ్చే ఏటికి వస్తుందేమో చూద్దాం. రాకపోయినా తప్పు లేదు.

చౌడేశ్వరమ్మ, మార్కండేయస్వామి మన మగ్గాలను, మన బిడ్డలను చల్లగా చూడాల. తప్పులుంటే మన్నించండి. సెలవు.