తుపాకి ట్రిగ్గర్ బిగుసుకుంటే



మన పావగడ వైపు వేరుశెనగ చేలకు అడవిపందుల బెడద కొత్తది కాదు. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న తుపాకులు కొన్ని ఇళ్లలో తాతల నాటినుంచీ ఉన్నాయి. కన్నడంలో దాన్ని కోవి అంటాం. ఇంట్లో మాట తెలుగు, లైసెన్సు పుస్తకంలో రాత కన్నడమో ఇంగ్లీషో. అందుకే రెన్యువల్ దగ్గర పడితే ఆ పుస్తకం పట్టుకుని మాలాంటి బడిపంతుళ్ల దగ్గరికి వస్తుంటారు.

అలా వచ్చిన ఒక పెద్దాయన, "అయివారూ, ట్రిగ్గర్ గట్టిగా బిగుసుకుంది. కొత్తది తెచ్చి నేనే వేసుకుంటే పోదా? బోరు మోటారు స్టార్టరు విప్పి బిగించే చేతులేగా ఇవి!" అన్నాడు.

ఆ చేతులను నేను తక్కువ చేయను. కానీ స్టార్టరు తప్పుగా బిగిస్తే మోటారు తిరగదు, అంతే. ట్రిగ్గర్ తప్పుగా బిగిస్తే తుపాకి పేలకపోవడం కాదు, అడక్కుండానే పేలుతుంది.

లోపల జరిగేది ఇది. సుత్తిలాంటి భాగాన్ని వెనక్కి లాగినప్పుడు దాని గాడిలో ఒక చిన్న కొక్కెం పడుతుంది. దాన్ని సియర్ అంటారు. స్ప్రింగు బలమంతా ఆ కొక్కెం అంచు మీదే ఆగి ఉంటుంది. ఆ పట్టు మందం మిల్లీమీటరు లెక్కలోనిది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం జారుతుంది, సుత్తి పడుతుంది. మెత్తగా కావాలని ఆకురాయి పెట్టి ఆ అంచును రుద్దితే ఆ రోజుకు హాయిగానే ఉంటుంది. చాలా తుపాకుల్లో ఆ ఇనుముకు పైపొర మాత్రమే గట్టిది. అది పోతే లోపలి మెత్తని ఇనుము త్వరగా అరుగుతుంది. ఆ తర్వాత మడమ నేలకు తగిలినా చాలు. మా చుట్టాల ఊళ్లో ఒకరింట్లో అలాగే జరిగి, గుండ్లు ఇంటి కప్పులోకి పోయాయి. కింద పిల్లలు చదువుకుంటున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టమే.

అమెరికాలో చాలామంది ఇంట్లోనే ట్రిగ్గర్ మార్చుకుంటారు. గ్లాక్ పిస్తోలుకు అచ్చంగా అమరే భాగాలు దుకాణాల్లో దొరుకుతాయి. అక్కడ కూడా పాత 1911 తరహా పిస్తోలుకైతే భాగాలను ఒకదానికొకటి సరిపడేలా సాన పట్టాలి గనుక, పనివాడికే ఇమ్మంటారు తెలిసినవాళ్లు.

మనకు ఆ చర్చ అంత దూరం పోనే పోదు. 1959 ఆయుధాల చట్టంలో తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు 3వ సెక్షను మాట. తయారీ, అమ్మకం, మార్పు, మరమ్మతులకు లైసెన్సు 5వ సెక్షను మాట. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. 2019 సవరణ తర్వాత 5వ సెక్షను మీరితే శిక్ష కనీసం 7 ఏళ్లు, పైన యావజ్జీవం దాకా ఉంది. కొలిమి పెట్టుకున్న మన ఊరి ఆచారి ఎంత పనిమంతుడైనా సరే, ఆయనకూ ఇదే వర్తిస్తుంది. ఆయన్ని ఇబ్బందిలోకి లాగకండి.

అసలు బిగుసుకున్నవాటిలో చాలావాటికి కొత్త ట్రిగ్గరే అక్కర్లేదు. వంటనూనె రాసి మూలన పెడితే అది జిగురై, మన ఎర్రదుమ్ము పట్టి గట్టిపడుతుంది. ఎన్నికలప్పుడు స్టేషనులో డిపాజిట్ చేసి తెచ్చుకున్నవి తుప్పుతో వస్తుంటాయి. పైపైన తుడిచి తుపాకి నూనె చుక్క వేయడం మన పని. అయినా బిగువు తగ్గకపోతే స్క్రూల జోలికి పోకుండా, లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి తీసుకెళ్లండి.

అక్కడ సిగ్గుపడకుండా అడగండి. మరమ్మతుకు లైసెన్సు ఉందా, ఏ భాగం మారుస్తారు, ఎప్పుడిస్తారు అని. తుపాకి నంబరు వేసిన రసీదు లేకుండా ఆయుధం వదిలి రావద్దు. నంబరును పుస్తకంలోని నంబరుతో అక్కడే పోల్చుకోండి. కన్నడ అంకెలు రాకపోతే బడికి వెళ్లే మనవణ్ణి వెంట తీసుకెళ్లండి. మార్చిన పాత భాగాన్ని చూపించమనండి.

బయల్దేరే ముందు తూటాలు తీసి ఇంట్లోనే పెట్టండి. గొట్టం మూతినుంచి మందు కూరే పాత తుపాకులకు ఇంకో జాగ్రత్త ఉంది. ఖాళీగా ఉన్నప్పుడే కూరే కడ్డీని అడుగుదాకా దించి, మూతి దగ్గర గీత పెట్టుకోవాలి. ఇప్పుడు దించి చూస్తే ఆ గీత మూతికంటే పైన నిలిచిందా, లోపల మందు ఉన్నట్టే. దాన్ని బస్సెక్కించకండి. ముందు దుకాణానికి ఖాళీ చేతులతో వెళ్లి, ఏం చేయాలో అడిగి రండి.