తలకోన జలపాతం

శేషాచలం కొండల్లో సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం తలకోన. కడప నుంచి రాయచోటి, పీలేరు, భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్లాలి. సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక అడవిబాటలో నడక. దారిలో చెట్లను చుట్టుకున్న భారీ గిల్లతీగలు చూడండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు.

వాననీటిని అడవి నేల, బండల పగుళ్లు దాచుకుని మెల్లగా వదులుతాయి. వానలు వెలిశాకా ధార సాగేది అందుకే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు, డిసెంబరుల్లో నీరు నిండుగా ఉంటుంది. నాచు పట్టిన బండలు జారతాయి, పిల్లల చెయ్యి వదలకండి. ప్లాస్టిక్ సీసాలు అక్కడ పారేయకండి. కరువు ఎక్కువగా ఉండే ఈ సీమకు అడవి ఒక నీటి ఆధారం. దాన్ని కాపాడుకుందాం.