ఐ.సి.యు. తలుపు వెలుపల



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో రోగులను దర్శింపబోయినపుడు ఐ.సి.యు. వెలుపల కూర్చున్న బిడ్డలు మమ్మును తరచుగా అడుగు ప్రశ్న ఒకటే: "సార్, మా నాయన ఉన్నడా, పోయిండా? మిషనే ఊపిరి ఆడిస్తున్నదా?" 2003లో వచ్చిన 'ఠాగూర్' చిత్రములో శవమునకు వైద్యము చేయు సన్నివేశము చూచినవారికి ఈ అనుమానము మరింత ఎక్కువ. ఆ భయమును మేము తప్పుపట్టము. కాని నిజము తెలిసికొనుట మేలు.

వెంటిలేటరు గుండెను కొట్టించలేదు. గొంతులోని గొట్టము ద్వారా ఊపిరితిత్తులకు గాలిని పంపుటయే దాని పని. గుండె ఆగిపోయినచో కొన్ని గంటలలో దేహము చల్లబడి బిగుసుకొనును. యంత్రము దానిని దాచలేదు. మెదడు మరణించినపుడు మాత్రము యంత్రము వలన గుండె కొంతకాలము కొట్టుకొనవచ్చును. అవయవదానమునకు ముందు ఆ మరణమును నలుగురు వైద్యులు, కనీసము ఆరు గంటల ఎడముతో రెండుమారులు పరీక్షించి ధ్రువపరచవలెను.

గొట్టము స్వరతంత్రుల నడుమ నుండుటచే రోగి మాటలాడలేడు. దానిని పెరికివేయకుండుటకు నిద్రమందు ఇత్తురు. ఒక్కొక్కప్పుడు చేతులు కట్టుదురు. అది శిక్ష కాదు.

సాగరు ఎడమకాలువ క్రింది పల్లెలో, రాత్రి నేలమీద పండుకొన్నవానిని కట్లపాము కరచినదనుకొనుడి. విషముచే కనురెప్పలు సహితము లేవవు. చూచువారికి చనిపోయినట్లే యుండును. అయినను అతనికి మన మాటలు వినబడుచుండవచ్చును. విరుగుడు మందుతోపాటు కొన్ని దినములు యంత్రము ఊపిరి నిలిపినచో అతడు లేచి ఇంటికి రాగలడు. అట్టివాని మంచము ప్రక్కన ఖర్చుల మాట, చావు మాట ఆడకుడి. పేరు పెట్టి పిలువుడి.

అదే యంత్రము, కుదరని వ్యాధితో చివరి దశలోనున్న వృద్ధునికి బాధను పొడిగించుటయే కావచ్చును. వెంటిలేటరు వ్యాధిని కుదుర్చదు, వ్యవధిని ఇచ్చును. కావున వైద్యుని ఇట్లు అడుగుడి: "ఈ వ్యవధి దేనికొరకు? ఎన్ని దినములలో మార్పు కనబడవలెను? కనబడనిచో ఏమి చేయుదురు?" ఇంటిలో ఒక్కరే వైద్యునితో మాటలాడి తక్కినవారికి చెప్పినచో తగవులు తగ్గును.

కోలుకొను ఆశ లేదని వైద్యమండలులు తేల్చినపుడు, కుటుంబ సమ్మతితో యంత్రమును తొలగించుటకు సుప్రీంకోర్టు 2018 మార్చి 9న అనుమతించినది. 2023లో ఆ పద్ధతిని సులభము చేసినది. అట్లు సమ్మతించిన కుమారుడు తండ్రిని చంపినవాడు కాడు. ఆ ఒక్క మాట అతనితో చెప్పుటకైనను మనము ఆ తలుపు వెలుపల అతని ప్రక్కన కూర్చుండవలెను.