ఆపన్నుల పట్టిక యెవ్వరి సొత్తు?



2004 డిసెంబరు 26వ తేదీని మన తీరమును గూడ దాకిన సునామీ సింహళద్వీపమున 30,000 మందికి పైగా బలిగొన్నది. ఇట్టి యుపద్రవములందు దాతలకు కొదువ యుండదు. తప్పిపోయిన బిడ్డ యే శిబిరమున నున్నదో, ఏ గ్రామమునకు బియ్యము రెండుమార్లు చేరెనో, ఏ గ్రామమునకు చేరనేలేదో చెప్పగల పట్టిక మాత్రము దొరకదు. కచేరీకొక జాబితా, సంఘమునకొక జాబితా!

ఆ దినములలో సింహళమందలి సాఫ్ట్‌వేర్ పనివారు కొందరు స్వచ్ఛందముగా గూడి యొక వ్యవస్థను నిర్మించిరి. లంకా సాఫ్ట్‌వేర్ ఫౌండేషను దానికి అండగా నిలిచెను. ప్రభుత్వ సహాయకేంద్రము దానిని వాడుకలోనికి దెచ్చెను. దానిపేరు 'సహన'. మనకీ మాట యోర్పును దెలుపును. సింహళమున దానికి ఉపశమనమని యర్థము. వరదలో నున్నవానికి మన యర్థముకంటె వారి యర్థమే మేలు! తప్పిపోయినవారు, శిబిరములు, సేవాసంఘములు, కావలసిన సరకులు, అన్నియు నం దొక్కచోట నమోదగును.

దాని మూలలిపిని వారు దాచలేదు. ఓపెన్ సోర్స్ అనగా నిదియే: ఎవ్వరైనను చదువవచ్చును, తమ యవసరమునకు దగినట్లు మార్చుకొనవచ్చును, లైసెన్సు రుసుము లేక వాడుకొనవచ్చును. కావుననే 2005లో పాకిస్థాన భూకంపమునకును, 2006లో ఫిలిప్పీనుల కొండచరియల ప్రమాదమునకును, జావాలోని యోగ్యకర్త భూకంపమునకును అదే వ్యవస్థ పోయి పనిచేసినది. ఐ.బి.ఎం. వంటి పెద్ద కంపెనీయు తోడ్పడినది. 2010 జనవరిలో హైతీ కంపించినప్పుడు ఉపగ్రహ చిత్రముల కంపెనీలు తమ చిత్రముల నిచ్చెను. నానాదేశముల స్వచ్ఛందసేవకులు ఇండ్లలో గూర్చుండియే పోర్టోప్రిన్సు వీథులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపులో గీచిరి.

అయితే రుసుము లేదన్నంతమాత్రమున వ్యయము లేదని తలంపరాదు. ఉపద్రవము చల్లారగనే సేవకులు తమ యుద్యోగములకు మరలుదురు. యంత్రమును గాచువా డెవ్వడు? గుమాస్తాకు నేర్పువా డెవ్వడు? మఱియొక సంగతి. మూలలిపి బహిరంగముగా నుండవచ్చును గాని, తల్లిదండ్రులను గోల్పోయిన బాలిక పేరును, శిబిరమును బహిరంగముగా నుండరాదు. పిల్లల నెత్తుకొనిపోవు దుర్మార్గులకును చదువు వచ్చును. ఈ తాళపుచెవి కంపెనీచేత గాక, ప్రజలకు జవాబుదారియగు నధికారిచేత నుండవలెనని మా నిశ్చితాభిప్రాయము.

1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది జనులు ఉప్పెనపాలైరి. నేటికిని మన తుపానులలో ననేకము అక్టోబరు, నవంబరు మాసములందే వచ్చుచున్నవి. ఆ ఋతువునకు ముందే తీరపు జిల్లాల కలెక్టరు కచేరీలు, ఇంజనీరింగు కళాశాలలు, టెలిఫోను కంపెనీలు, సేవాసంఘములు ఒక్కదినము గూర్చుండి, కల్పిత నామములతో నొక పట్టికను నింపిచూడవలెను. విద్యుత్తు పోయినప్పుడు అది యెట్లు నడచునో గూడ ఆనాడే పరీక్షింపవలెను.