శరదృతువులో ఇంటికి వెళ్ళిన ఉత్తరాలు

(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



డెబ్బయి అయిదేళ్ళు నిండిన పాఠశాలను గూర్చి మాట్లాడేటప్పుడు భవనాలను, దాతలను, పరీక్షా ఫలితాలను తలచుకోవడం ఆచారం. ఆ విషయాలు చెప్పగలవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. ఈ ప్రసంగానికి ఎంచుకొన్న విషయం అంతకంటె చాలా చిన్నది. చెన్నపురిలోని ఈ తెలుగు బడిలో అయిదవ తరగతికి దీర్ఘకాలం పాఠాలు చెప్పిన ఒక ఉపాధ్యాయిని, ఏటా ఆశ్వయుజ కార్తిక మాసాలలో వారానికొకటి చొప్పున పిల్లల ఇళ్ళకు పంపుతూ వచ్చిన ఉత్తరాలను గూర్చినది. ఆమె పేరు ఇక్కడ చెప్పకపోవడం ఆమె కోరిక మేరకే. ఆమె దగ్గర చదువుకొన్నవారికి పేరు చెప్పవలసిన పనీ లేదు.

పన్నెండు నెలల చదువులో ఈ రెండు నెలలే ఎందుకని ఎవరికైనా తోచవచ్చు. జూన్‌లో మొదలైన చదువు సెప్టెంబరులో త్రైమాసిక పరీక్షలతో ఒక మజిలీకి చేరుతుంది. అంతవరకు బడి గడియారంలా నడుస్తుంది. ఆ పైన దసరా సెలవులు, వాటి వెనుక దీపావళి, ఆ రెండింటి మధ్యా, తరువాతా వానలు. తెల్లవారుజామున జిల్లా కలెక్టరు సెలవు ప్రకటించారో లేదో తెలుసుకొనేవరకు పిల్లలకు తలదువ్వని రోజులవి. కొందరు పండుగకు నెల్లూరో చిత్తూరో వెళ్ళి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తారు. కొందరు నాయనకు అంగడిలో తోడుంటారు. చదువు తెగి తెగి సాగే ఈ కాలంలోనే బడిలో ఏమి జరుగుతున్నదో ఇంటికి తెలియకుండా పోతుంది.

అంతకు ముందు బడి నుండి ఇంటికి కబురు వెళ్ళలేదని కాదు. ప్రోగ్రెస్ కార్డు వెళ్ళేది. ఎర్రసిరాతో రెండు మాటలు వెళ్ళేవి. "శ్రద్ధ చాలదు", "తండ్రిని వెంటబెట్టుకొని రావలెను". బడి నుండి చీటీ వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందని ఇంటిల్లిపాదీ అర్థం చేసుకొనేవారు. పూర్వవిద్యార్థులలో కొందరు ఇప్పుడు నవ్వుతున్నారంటే, ఆ సంతకాన్ని తామే పెట్టుకొన్న రోజులు జ్ఞాపకం వచ్చే కావచ్చు.

ఉపాధ్యాయిని ఉత్తరం వేరుగా ఉండేది. ఒక పేజీకి మించకుండా, పెద్ద అక్షరాలతో ఆ వారం తరగతిలో ఏమేమి జరిగిందో వ్రాసేవారు. శుక్రవారం మధ్యాహ్నం అరగంట దానికి పట్టేది. వీధి చివరి జెరాక్సు కొట్టులో నకళ్ళు తీయించేవారు. చాలాకాలం ఆ ఖర్చు ఆమెదే. పాఠశాల దానిని తన ఖర్చుగా వ్రాసుకోవడం తరువాతి మాట, ఆలస్యంగా జరిగిన మాట కూడా.

తెలుగులో వ్రాసిన ఉత్తరాన్ని ఇంట్లో చదివేదెవరు? తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన కుటుంబాలలో ఇది అందరికీ తెలిసిన సంగతే. తల్లి తెలుగే మాట్లాడుతుంది, తెలుగులోనే జోల పాడుతుంది, తెలుగులోనే కోప్పడుతుంది. చదివేది మాత్రం అరవంలో. చిన్ననాడు ఆమె వెళ్ళిన బడి అటువంటిది. తండ్రి సంగతీ తరచుగా అంతే. కనుక ఉత్తరాన్ని పిల్లవాడే చదివి వినిపించాలి. ఉపాధ్యాయిని దీనిని లోపంగా కాక అవకాశంగా తీసుకొన్నారు. వారానికొకసారి పిల్లవాడు ఇంట్లో గొంతెత్తి తెలుగు చదువుతాడు, పెద్దలు పని ఆపి వింటారు. ఇంతకు మించిన పఠనాభ్యాసం ఏముంటుందని ఆమె భావించారు. ఆ భావనలోనే ఒక పొరపాటు కూడా దాగి ఉన్నది.

ఒక ఏడు త్రైమాసిక పరీక్షల తరువాతి ఉత్తరంలో కొలువు బొమ్మల ముచ్చట, వాననీళ్ళు కొలిచిన ముచ్చట వ్రాసి, భాగహారంలో తడబడుతున్న అయిదుగురి ప్రతులలో మాత్రం అడుగున ఒక వాక్యం చేర్చారు. పెద్దలెవరైనా ఒకసారి వచ్చి కలవాలని. వారం గడిచింది. ఒక్కరూ రాలేదు. ఈ తల్లిదండ్రులకు పట్టింపు లేదని ఉపాధ్యాయుల గదిలో ఒక మాట అనుకోవడం కూడా జరిగింది.

తరువాతి వారం ముసురులో ఒక తల్లి గొడుగు పట్టుకొని కూతురి కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నది.

"కబురు పంపాను కదమ్మా, రాలేదేం?" అని ఉపాధ్యాయిని అడిగారు.

"ఏ కబురు టీచర్? పాప చీటీ అంతా చదివి వినిపించిందే. బొమ్మల సంగతి చెప్పింది, డబ్బాలో నీళ్ళ సంగతి చెప్పింది. రమ్మన్న మాట అందులో లేదే!"

పక్కన నిలిచిన పిల్ల తల వంచుకొని తన చెప్పుల వంకే చూస్తున్నది.

"సరేలేమ్మా, శనివారం వీలైతే ఒకసారి రండి" అని మాత్రం చెప్పి ఆమె లోపలికి వచ్చారు. విచారిస్తే మరి మూడిళ్ళలోనూ అదే జరిగింది. అయిదవ ఇంట్లో చీటీ సంచిలో నుండి బయటికే రాలేదు.

పిల్ల అబద్ధమాడిందని తేల్చివేయడం తేలిక. కాని తన మీది ఫిర్యాదును తన నోటితోనే తల్లికి చదివి వినిపించమని పదేళ్ళ పిల్లకు అప్పగించినది ఆ ఉత్తరమే. పెద్దలలోనైనా ఎందరు అటువంటి వాక్యాన్ని దాటవేయకుండా చదువుతారు? మరునాడు తరగతిలో ఆమె ఈ ప్రస్తావనే తేలేదు. పద్ధతి మార్చుకొన్నారు. పిల్ల సంతోషంగా చదవలేని వాక్యం ఇక ఉత్తరంలో ఉండదు. వెనుకబాటును గూర్చి చెప్పవలసినది ముఖాముఖిగానే చెప్పాలి. కూలికీ కొలువుకీ పోయే తల్లిదండ్రులు పగటిపూట రాలేరు కనుక నెలకొక శనివారం సాయంకాలం దీపాలు పెట్టేవేళ దాకా ఆమె తరగతి గదిలోనే కూర్చునేవారు. మొదటి శనివారం వచ్చినవారు ఇద్దరు. గొడుగు తెచ్చిన తల్లి వారిలో ఒకరు.

ఇక ఉత్తరాలలో ఉండే విషయానికి వస్తే, అందరికంటె ఎక్కువ పని పెట్టినది శరదృతువే. ఋతువుల పాఠంలో శరత్తు అంటే నిర్మలమైన ఆకాశం, పండు వెన్నెల అని చెబుతాము. కిటికీ బయట చూస్తే కుండపోత. "టీచర్, వెన్నెల అని చెబుతున్నారు, మా వీధిలో మోకాటిలోతు నీళ్ళున్నాయి" అని ఒక పిల్లవాడు అననే అన్నాడు. వాడి మాట సబబే. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగిన తరువాత ఈశాన్యపు గాలులు తెచ్చే వాన ఇది. చెన్నపట్నానికి ఏడాదిలో కురిసే వర్షంలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. నెల్లూరు, తిరుపతి సీమలకూ ఇందులో పాలు ఉన్నది. ఆ వారం ఉత్తరంలో ఉపాధ్యాయిని పిల్లవాడి ప్రశ్నను ఉన్నదున్నట్లుగా వ్రాసి, "మీ ఇంటి పెద్దలు ఈ వానను ఏమంటారో పిల్లలకు చెప్పి పంపండి" అని కోరారు. ముసురు అని ఒక అవ్వ చెప్పి పంపింది. తుపాను వాన అని మరొకరు. ఐప్పసి అడైమళై అని ఇద్దరు ముగ్గురు అరవంలోనే చెప్పి పంపారు. అన్నీ నల్లబల్ల మీదికి ఎక్కాయి. పెరట్లో అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి పెట్టి, స్కేలుతో రోజూ నీటి లోతు కొలిచి వ్రాసే పని పిల్లలు వంతులవారీగా చేశారు. ఒక వారం పట్టికలో "మంగళవారం కలెక్టరు సెలవు, డబ్బాను చూచినవారు లేరు" అని ఒక పిల్ల నిజాయితీగా వ్రాసింది. ఉత్తరంలో ఆ వాక్యం అలాగే వెళ్ళింది.

దీపావళి మరొక పాఠం. ఇరుగుపొరుగు అరవవారు నరక చతుర్దశినాడు తెల్లవారకముందే తలంటుకొని టపాకాయలు కాలుస్తారు. తెలుగిళ్ళలో అమావాస్య సాయంకాలం దీపాలు, లక్ష్మీపూజ. ఇక్కడి పిల్లలకు రెండూ ఉన్నాయి. వారికి అది అదృష్టమే. అయితే కొన్ని ఏళ్ళు రెండూ ఒకే రోజున వస్తాయి, కొన్ని ఏళ్ళు రెండు రోజులలో వస్తాయి. ఎందుకని? ఇళ్ళలో ఉన్న తెలుగు పంచాంగాన్ని, అరవ క్యాలెండరును తెమ్మని ఉత్తరంలో కోరారు. తిథి చంద్రుని నడకను బట్టి పగలో రాత్రో ఏ వేళనైనా మారుతుందని, ఐప్పసి నెల సూర్యుని లెక్కన అక్టోబరు నడుమ మొదలవుతుందని పిల్లలు వేళ్ళతో లెక్కపెట్టి తెలుసుకొన్నారు. 2006లో వచ్చిన చట్టం మేరకు తమిళం 2006-07లో ఒకటవ తరగతి నుండి తప్పనిసరి పాఠ్యాంశమై, ఏటేటా ఒక తరగతి పైకి జరిగి 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. ఆ సంవత్సరాలలో తెలుగు మాధ్యమాన్ని ఎంచుకొన్న ఇళ్ళలో కలిగిన దిగులు ఈ సభలోని వారికి విప్పి చెప్పనక్కరలేదు. రెండు క్యాలెండర్లూ ఒకే గోడకు వ్రేలాడిన ఆ తరగతిలో మాత్రం పిల్లలు దేనినీ బరువుగా ఎంచలేదు.

ఉత్తరాలు అందరికీ నచ్చాయని చెప్పడం సత్యదూరం. చిల్లర అంగడి నడిపే ఒక తండ్రి నేరుగా వచ్చి, "బొమ్మల సంగతి మాకెందుకు టీచర్? మార్కులెన్నో చెప్పండి చాలు" అన్నారు. మార్కులు కార్డులో ఉన్నాయని ఉపాధ్యాయిని జవాబు చెప్పారు గాని, ఆయన మాటలో కొంత న్యాయం ఉన్నదని తరువాత అనిపించింది. చదువు ఎంతవరకు వచ్చిందో ఇంట్లోనే పరీక్షించి చూచుకొనే దారి ఉత్తరంలో లేదు. అప్పటి నుండి అడుగున ఒక ప్రశ్న చేర్చారు. "మూడు కిలోల శనగలను ఇరవై మంది పేరంటాళ్ళకు సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని గ్రాములు?" అన్నది అటువంటిదే. కొడుకు పలక తీసేలోగా తానే నూట యాభై అని చెప్పేశానని ఆ తండ్రే తరువాత నవ్వుతూ ఒప్పుకొన్నారు. అది చెప్పకూడదని కూడా ఉత్తరంలో వ్రాయవలసి వచ్చింది.

పిల్లలను ఇంగ్లీషు బడికి మార్చుకొన్న కుటుంబాలను ఈ ఉత్తరాలు ఆపలేకపోయాయి. ఆపుతాయని ఆమె అనుకోనూ లేదు.

2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 24వ విభాగంలో, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరును, అభ్యసన శక్తిని, ప్రగతిని తెలియజేయడం ఉపాధ్యాయుని విధిగా చెప్పారు. అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం రాకముందే మొదలైన ఉత్తరాలు తీర్పు వచ్చిన తరువాతా ఆగలేదు.

2015 నవంబరు వానలు, డిసెంబరు ఆరంభంలోని వరద ఈ నగరంలో ఎవరికీ మరపురావు. బడులు వారాల తరబడి మూతపడ్డాయి. అర్ధసంవత్సర పరీక్షలు జనవరికి వాయిదా పడ్డాయి. తిరిగి వచ్చిన పిల్లలలో కొందరికి పుస్తకాల సంచీలే లేవు. ఉపాధ్యాయుల గదిలో బీరువా పై అరలో ఉన్న ఉత్తరాల ఫైలు మాత్రం తడవకుండా మిగిలింది. ఆమె దసరా నాటి ఉత్తరం మొదలుకొని ఒక్కొక్కటే చదివించారు. ఎక్కడ ఆగిపోయామో పిల్లలకు తెలిసింది. చివరి ఉత్తరం తరువాత ఏమి జరిగిందో పిల్లలే చెప్పుకొన్నారు. ఎవరి ఇంట్లో ఎంత ఎత్తుకు నీళ్ళు వచ్చిందీ స్కేలు లేకుండానే చేతులతో చూపారు.

2020లో మహమ్మారి వచ్చి బడి మూసివేసినప్పుడు ఉత్తరం ఫోనులోకి మారింది. ఆమె గొంతు రికార్డు అయి వాట్సాప్‌లో ఇళ్ళకు చేరింది. చదువురాని పెద్దలకు అది ఎంతో సుఖంగా తోచింది. టీచరే ఇంట్లో మాట్లాడినట్లున్నదని అన్నారు. అయితే చదివి వినిపించే పిల్ల ఇప్పుడు వినేవారిలో ఒకతె అయి కూర్చున్నది. 2021 నవంబరు 1న ఒకటి నుండి ఎనిమిది తరగతుల పిల్లలు బడికి తిరిగి వచ్చినప్పుడు కాగితపు ఉత్తరమూ తిరిగి వచ్చింది. ఫోనులో పంపవచ్చు గదా అని సలహా ఇచ్చినవారున్నారు. సెలవు కబుర్లకు ఆమె ఫోనునే వాడారు. వారపు ఉత్తరాన్ని మాత్రం కాగితం మీదనే ఉంచారు.

ఆ కార్తికంలోనే ఒక పిల్ల రెండు రోజులు రాలేదు. తమ్ముడి చేత చీటీ వచ్చింది. అంతవరకు ఆ ఇంటి నుండి వచ్చే చీటీలు అరవంలో ఉండేవి. ఈసారి తెలుగు అక్షరాలు, ఒక్కొక్కటి వేరువేరుగా, బొమ్మ గీసినంత జాగ్రత్తగా ఉన్నాయి. "పాపకు జొరం. రెండు దినాలు పడికి రాదు." అరవంలో పకారానికీ బకారానికీ ఒకటే అక్షరం. బడి పడి అయింది. కింద సంతకం అరవంలోనే ఉన్నది. పెద్దకూతురు చదివినప్పుడు, తరువాత ఈ పిల్ల చదివినప్పుడు పక్కన కూర్చుని కాగితం వంక చూస్తూ ఆ తల్లి అక్షరాలను పోల్చుకొన్నదట.

ఉపాధ్యాయిని ఎర్రకలం తీయలేదు. చీటీని ఆ వారపు ఉత్తరం వెనుక అతికించి ఫైలులో పెట్టి, తమ్ముడి చేతనే జవాబు పంపారు. "పాప బాగా కోలుకొన్న తరువాతనే పంపండి. ఈ వారం డబ్బాలో వాననీళ్ళు కొలిచే వంతు ఆమెది. ఆమె వచ్చేవరకు పక్క బల్ల పిల్ల కొలుస్తుంది."