మనకూ ఒక సాయంత్రం

పొద్దుగూకితే మగవారు నలుగురూ చేరడానికి పట్నాల్లో బార్లున్నాయి. మరి మనకో? మొన్న మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనమయ్యాక, మేం నలుగురు ఆడవాళ్ళం సోడాబండి పక్క బెంచీమీద కూర్చున్నాం. నన్నారి షర్బత్తు తెలుసుగా? సుగంధిపాల వేళ్ళు మరిగించి, చక్కెర పాకం పట్టింది. అందులో నానిన సబ్జాగింజలు, నిమ్మరసం, పైన గోలీసోడా. 1872లో ఇంగ్లండులో పేటెంటు పొందిన సీసా అది. లోపలి గ్యాసే గోలీని మూతికి బిగించి పడుతుంది. నొక్కగానే నురుగు పొంగింది. మత్తు లేదు గానీ, గ్లాసులు ఖాళీ అయినా మాటలు తరగలేదు. ఇంట్లో వాళ్ళు అన్నానికి చూస్తుంటారని ఒకావిడ మూడుసార్లు లేచి, మూడుసార్లూ కూర్చుంది! దేవుడి పేరు చెప్పకుండా మనం గడప దాటలేమా? వారానికొక్క పూట ఊరికే కలుసుకుంటే తప్పేముందమ్మా? ఈ వారం మీరెవరిని పిలుస్తారు? సెలవు.